ఏసీ ఆన్ కాలేదు, బోర్డు పోయిందన్నారు: నా అనుభవం

మే నెల, విజయవాడ, పై అంతస్తు. ఈ మూడు ముక్కలు చెబితే ఇక్కడివాళ్లకి మిగతాది చెప్పక్కర్లేదు. మాది మొగల్రాజపురంలో పాత అపార్ట్‌మెంటు. మా నెత్తిన డాబా తప్ప ఇంకేం లేదు, పగలంతా ఎండకి కాలిన స్లాబు రాత్రి పన్నెండు దాటేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది, పక్కనున్న కొండ కూడా తన వంతు వదులుతుంది. ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క గదిలోనే. వేసవిలో నేను, మా అత్తయ్యగారు, ఎంసెట్‌కి చదువుతున్న మా అబ్బాయి అందరం ఆ గదిలోనే. మా ఆయన ఉద్యోగం చెన్నైలో, శని ఆదివారాలు వస్తే వచ్చినట్టు.

మే 9 రాత్రి పదిన్నర ప్రాంతంలో గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. ఆ మధ్యలో ఒకసారి వచ్చినప్పుడు హాల్లో ఫ్యాను ఎప్పుడూ లేనంత జోరుగా తిరిగింది, దేవుడి గదిలో జీరో బల్బు భగ్గున వెలిగి టప్‌మని పోయింది. "ఓల్టేజీ ఎక్కువొచ్చినట్టుందే" అన్నారు అత్తయ్యగారు. అంతలో మళ్లీ చీకటి. ఆ బల్బు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. రెండు గంటలకి కరెంటు నిలకడగా వచ్చింది కానీ ఏసీ రాలేదు. చిన్న లైటు లేదు, కీక్ మన్న శబ్దం లేదు, మూత కూడా కదల్లేదు. ఇన్వర్టర్ ఏసీ, ఒకటిన్నర టన్ను, కొని మూడేళ్లు దాటింది.

ఆ రాత్రే మా వాడు ఫోన్‌లో చూసి ఒక్కొక్కటీ ప్రయత్నించాడు. రిమోట్ బ్యాటరీలు మార్చాడు. రిమోట్ ముందు బుడిపెని ఫోన్ సెల్ఫీ కెమెరాకి ఎదురుగా పెట్టి బటన్ నొక్కితే తెరమీద ఊదారంగు వెలుగు కనబడాలట, కనబడింది, అంటే రిమోట్ బాగానే ఉంది. (వెనక కెమెరాతో మా ఫోన్‌లో కనబడలేదు, ముందు కెమెరాతోనే కనబడింది.) ఇన్‌డోర్ మూత పైకెత్తితే కుడివైపు ఒక చిన్న బటన్ ఉంటుంది, రిమోట్ లేకపోయినా దాంతో ఆన్ చేయొచ్చు, మూడేళ్లలో అది ఉందని కూడా మాకు తెలీదు. నొక్కినా ఏం లేదు. ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనే పడిపోయే స్విచ్) చూస్తే పైకీ కిందకీ కాకుండా మధ్యలో ఆగి ఉంది. అలా ఉన్నప్పుడు నేరుగా పైకి నెడితే నిలబడదు, పూర్తిగా కిందకి దించి అప్పుడు పైకి వేయాలి. వేస్తే నిలబడింది, కానీ ఏసీ మాత్రం రాలేదు.

తెల్లారాక పక్క ఫ్లాట్ అంకుల్ టెస్టర్ తెచ్చి ప్లగ్గులో పెట్టారు. వెలిగింది. "కరెంటు వస్తోందమ్మా, ఏసీలోనే ఏదో ఉంది" అన్నారు. మా ఆయన ఫోన్‌లో ఒప్పుకోలేదు. టెస్టర్‌కి ఫేజు (కరెంటు తెచ్చే వైరు) ఒక్కటి ఉంటే చాలు వెలుగుతుంది, న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) లేకపోయినా వెలుగుతుంది, అందుకని అదే ప్లగ్గులో ఇస్త్రీ పెట్టె పెట్టి చూడమన్నారు. పెట్టాం, రెండు నిమిషాల్లో కాలింది. అంటే ప్లగ్గు దాకా అంతా సవ్యం. ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఇంతవరకే, ఆ తర్వాత మూతలు విప్పే పని పెట్టుకోకండి, ఎందుకో కింద చెప్తాను.

10వ తేదీ పొద్దున్న కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. పాటలు వింటూ ఇరవై నిమిషాలు. కంప్లైంట్ నంబరు మెసేజీ వచ్చింది, 24 నుంచి 48 గంటల్లో వస్తామని ఉంది. నేను 24 చదివాను, వాళ్లు 48 అనుకున్నారు, చివరికి అదీ దాటింది. మధ్యలో ఆదివారం వచ్చింది కదా, ఆదివారం లెక్కలోకి రాదట. ఇంకో విషయం, టెక్నీషియన్ నుంచి ఫోన్ వచ్చింది, వస్తున్నాడేమో అని ఎత్తితే "మేడమ్, మీకు ఒక కోడ్ వచ్చి ఉంటుంది, అది చెప్పండి, మీ పేరు లైన్లో పెడతాను" అన్నాడు. మెసేజీ తీసి చూస్తే అది పని పూర్తయ్యాక ఇవ్వాల్సిన కోడ్ అని స్పష్టంగా రాసి ఉంది. వచ్చి చేశాక ఇస్తాను బాబూ అన్నాను. ఫోన్ పెట్టేశాడు. ఆ కోడ్ చెప్పి ఉంటే మా కంప్లైంట్ అక్కడికక్కడే మూసేసేవాళ్లని తర్వాత తెలిసింది. సీజన్‌లో వాళ్ల మీద గంటల లెక్క ఒత్తిడి ఉంటుందట, పాపం అనిపించింది కానీ మన రాత్రులు మనవి.

ఆ రాత్రుల గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. మా మరిది వాళ్లింటి నుంచి కూలర్ తెచ్చాం. అనంతపురం వైపు కూలర్ హాయిగా ఉంటుందంటారు, బెజవాడ ఉక్కలో అది నీళ్లగాలి విసురుతుంది అంతే, ఒళ్లంతా జిడ్డు, పుస్తకాల పేజీలు మెత్తబడిపోయాయి. డాబా మీద పడుకుందామంటే దోమలు. దుప్పటి తడిపి కిటికీకి కట్టాం. మా వాడు తెల్లవారుజామున మూడింటికి లేచి వంటింటి గచ్చు మీద పడుకుని చదివేవాడు. అత్తయ్యగారికి బీపీ, మాత్రలు వేసుకున్నా తల తిరుగుతోందనేవారు, ఆ మాట వినబడగానే నాకు టెన్షన్, మజ్జిగ కలిపివ్వడం తప్ప ఏం చేయాలో తెలీదు. నిజం చెప్పాలంటే వేడికంటే ఎక్కువ విసిగించింది చుట్టుపక్కల అవుట్‌డోర్ల చప్పుడు. అందరి ఏసీలూ పనిచేస్తున్నాయన్నమాట! ఆయన చెన్నై నుంచి ఫోన్ చేసి "ఏమైంది, వచ్చాడా" అనడం, నేను కస్సుమనడం.

12వ తేదీ సోమవారం, పొద్దున్న పదింటికి వస్తానన్నవాడు సాయంత్రం ఆరింటికి వచ్చాడు. కుర్రాడు, చెమటలు కక్కుతున్నాడు, మంచినీళ్లిచ్చాను. చేతిలో సర్వీసింగ్ చేసే నీళ్ల పంపు, సంచిలో స్పానర్లు. రిమోట్ నొక్కాడు, మూత ఎత్తాడు, దించాడు. "బోర్డు పోయింది మేడమ్." బోర్డంటే ఏసీని నడిపించే సర్క్యూట్ ప్లేటు. ఏ బోర్డు అంటే ఇన్‌డోరూ అవుట్‌డోరూ రెండూ అన్నాడు. అవుట్‌డోర్ దగ్గరకి వెళ్లనే లేదు, అది ఎలా తెలిసిందంటే "రెండూ కలిసే పోతాయి మేడమ్" అని నవ్వాడు. ఓల్టేజీ చూసే మీటరు తెచ్చావా బాబూ అంటే బండిలో ఉందన్నాడు, బండి దగ్గరకీ వెళ్లలేదు.

లెక్క రాసిచ్చాడు. ఇన్‌డోర్ బోర్డు 5,200, అవుట్‌డోర్ బోర్డు 9,400, లేబర్ 700, వాటిమీద 18 శాతం జీఎస్టీ, అన్నీ కలిపి 18,054 రూపాయలు. వారంటీ పదేళ్లని చెప్పి అమ్మారు కదా అన్నాను. అది కంప్రెసర్‌కి మేడమ్, బోర్డుకి ఒక ఏడాదే. కార్డు తీసి చూస్తే నిజమే, పదేళ్లు అన్నది పెద్దక్షరాలు, మిగతా అంతా చీమ తలకాయంత అక్షరాలు. పైగా ఓల్టేజీ వల్ల పోతే వారంటీ ఉన్నా వర్తించదట. బోర్డులు హైదరాబాద్ నుంచి రావాలి, వారం పది రోజులు పడుతుంది, డబ్బు ముందే కట్టాలి. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, పాతది నాలుగు వేలకి తీసుకునేవాళ్లున్నారు, ఆలోచించండి అని కూడా చెప్పాడు. అన్నీ విని చూసిపోయినందుకు 590 కట్టాను. కోడ్ మాత్రం ఇవ్వలేదు.

ఆ రాత్రి దాదాపు ఒప్పేసుకున్నాం. ఈఎంఐలో కొత్తది కొంటే రేపే బిగిస్తారు, పిల్లాడి పరీక్ష అయిపోతుంది, పోనీలే అని మా ఆయన, నేనూ అదే. ఆపింది అత్తయ్యగారు. "మూత కూడా విప్పకుండా పోయిందని ఎట్లా చెప్తాడే వాడు?" ఆవిడ ఆ ఒక్క మాట అనకపోతే ఈ పాటికి ఆ ఏసీ నాలుగు వేలకి వెళ్లిపోయేది.

మర్నాడు కింద ఫ్లాట్ ఆవిడ ఒక మెకానిక్ నంబరిచ్చారు. గవర్నరుపేటలో ఒక సందులో చిన్న కొట్టు, ఏసీ బోర్డులే బాగుచేస్తాడు, యాభై దాటిన మనిషి. మధ్యాహ్నం రెండింటికి, అదీ ఆ ఎండలో, చెప్పిన టైముకి వచ్చాడు. చేతిలో మీటరు ఉంది. అది చూడగానే నాకు సగం ధైర్యం వచ్చింది. ఇంట్లోకి వచ్చి మొదట అడిగిన మాట ఏసీ గురించి కాదు. "అమ్మా, ఆ రోజు లైట్లు ఎక్కువగా వెలిగాయా? ఫ్యాను స్పీడుగా తిరిగిందా?" దేవుడి గది బల్బు సంగతి చెప్పాను. తలాడించాడు.

ప్లగ్గులో మీటరు పెడితే 228 ఓల్టులు చూపించింది. ఇన్‌డోర్ మూత విప్పి, వైర్లు తీసేముందు ఫోన్‌తో ఫోటోలు తీసుకుని, లోపలి టెర్మినల్ దగ్గర పెట్టినా 228. ఇంతవరకు వచ్చి బోర్డులోకి వెళ్లట్లేదన్నమాట. బోర్డు బయటికి తీసి మా వాడికి చూపించాడు, చిన్న గాజు ఫ్యూజు లోపల నల్లగా మసి, పక్కనే రూపాయి బిళ్ల కంటే చిన్న నీలం బిళ్ల ఒకటి పగిలి చుట్టూ పొగచూరింది. దాన్ని ఎంఓవీ అంటారట. ఓల్టేజీ మితిమీరినప్పుడు అది ఆ కరెంటంతా తనమీదకి లాక్కుని ఫ్యూజు కొట్టేసేలా చేస్తుంది, మిగతా బోర్డు బతుకుతుంది. "ఇది చచ్చిపోవడమే దీని ఉద్యోగం బాబూ" అన్నాడు మా వాడితో. మరి స్టెబిలైజర్ అక్కర్లేదని ఏసీ మీద స్టిక్కర్ ఉందే అంటే, చదవమన్నాడు, 145 నుంచి 285 ఓల్టుల దాకా అని ఉంది. ఆ పైన వస్తే స్టిక్కర్ ఏం చేస్తుందమ్మా అన్నాడు.

అవుట్‌డోర్ బోర్డు కూడా పోయిందన్నారే అని అడిగాను. మా మోడల్లో బయటి యూనిట్‌కి కరెంటు లోపలి బోర్డు మీదున్న రిలే అనే స్విచ్చు గుండానే వెళ్తుందట. లోపలిది బతికితే గానీ బయటిది బతికి ఉందో లేదో ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను, ముందు ఇది చేద్దాం అన్నాడు. నిజానికి ఇంతకాలం నేను వెతుక్కున్నది ఇలా తెలీదు అని చెప్పే మనిషినే. మా వాడు ఉత్సాహంగా బయటి యూనిట్ మూత నేను విప్పనా అంటే మాత్రం గట్టిగా కసిరాడు. ఇన్వర్టర్ ఏసీ అవుట్‌డోర్‌లో పెద్ద కెపాసిటర్లుంటాయి, స్విచ్ తీసేసినా కాసేపు అందులో 300 ఓల్టుల పైనే నిలవ ఉంటుంది, తెలీనివాళ్లు చెయ్యి పెట్టకూడదు. వచ్చినందుకు 300 తీసుకుని బోర్డు పట్టుకెళ్లాడు. 14 సాయంత్రానికి ఇస్తానన్నాడు.

14 సాయంత్రం ఆగలేక నేనే కొట్టుకి వెళ్లాను. బల్లమీద బోర్డులు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి, ఒక్కోదాని మీద పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ. సగం ఆ గాలివాన రాత్రివేనట. ఒక బోర్డు మీద ఎండిపోయిన బల్లి అంటుకుని ఉంది, రెండు పిన్నుల మధ్య పడి అదీ పోయింది, బోర్డునీ తీసుకుపోయింది. మా దానికి ఫ్యూజు, ఎంఓవీ, బోర్డుకి కరెంటు సర్దే చిప్పు (పవర్ సప్లై ఐసీ) ఒకటి మార్చాడు. నేరుగా కరెంటు ఇవ్వలేదు, పాతకాలం వంద వాట్ల బల్బు ఒకటి సిరీస్‌లో పెట్టి దాని గుండా ఇచ్చాడు. బోర్డులో ఇంకా షార్ట్ ఉంటే బల్బు ధగధగా వెలుగుతుంది, లేకపోతే ఒక్క క్షణం వెలిగి తగ్గిపోతుంది. తగ్గిపోయింది. బోర్డు మీద చిన్న ఎర్రదీపం వెలిగింది. ఆ దీపం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది, నవ్వుకోండి పర్లేదు, అన్ని రాత్రులు నిద్రలేకపోతే అలాగే ఉంటుంది. రిపేరుకి 1,600, మూడు నెలలు గ్యారంటీ, నోటిమాటే.

కానీ బిగించడానికి వెంటనే రానన్నాడు. ముందు మీ అపార్ట్‌మెంటు న్యూట్రల్ చూపించండి, లేకపోతే ఈ బోర్డు మళ్లీ నా కొట్టుకే వస్తుంది. అపార్ట్‌మెంట్లకి మూడు ఫేజులు వస్తాయి, ఫ్లాట్లన్నీ వాటిమీద పంచి ఉంటాయి, న్యూట్రల్ మాత్రం అందరికీ ఒకటే. అది వదులైతే కొన్ని ఫ్లాట్లకి 230 రావాల్సిన చోట 300, 350 కూడా వస్తుంది, ఇంకొన్నిటికి లైటు మిణుకు మిణుకుమంటుంది. అప్పుడు వాచ్‌మేన్‌ని అడిగితే ఒక్కొక్కటీ బయటపడింది, రెండో అంతస్తులో ఫ్రిజ్ స్టెబిలైజర్ నుంచి పొగ, కింద సెటాప్ బాక్సు పోయింది, ఇంకో ఇంట్లో ఆ రాత్రంతా గుడ్డివెలుగు. ఎవరికి వాళ్లు తమ వస్తువు పాడైందని తిట్టుకుంటూ కూర్చున్నారు, ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

కరెంటు ఆఫీసు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేస్తే రెండు గంటల్లో లైన్‌మేన్ వచ్చాడు, ఇది మాత్రం నేను ఊహించలేదు. స్తంభం దగ్గర సరిగ్గానే ఉందని చూపించి, మీ ప్యానెల్ బోర్డు మీరు చూసుకోవాలి అన్నాడు. మా ఎలక్ట్రీషియన్ వచ్చి మీటర్ల ప్యానెల్ తెరిస్తే న్యూట్రల్ బోల్టు దగ్గర వైరు చివరుండే లగ్గు (బోల్టుకి బిగించే ముక్క) బొగ్గులా కాలిపోయి ఉంది, చేత్తో కదిపితే కదులుతోంది. పాత అపార్ట్‌మెంటు, ఇరవై ఏళ్ల నుంచి దాన్ని ఎవరూ బిగించిన పాపాన పోలేదు. కొత్త లగ్గు, కొంచెం వైరు, కూలీ కలిపి 2,400. అసోసియేషన్ సెక్రటరీ గారు మొదట "ఏసీ మీదే కదండీ, అసోసియేషన్‌కేం సంబంధం" అన్నారు. ఫ్రిజ్ వాళ్లూ సెటాప్ బాక్సు వాళ్లూ మెట్లు దిగి వచ్చాక ఎనిమిది ఫ్లాట్లూ తలా 300 వేసుకోవాలని తీర్మానమైంది. అప్పటికి నేను మొత్తం కట్టేశాను, ఆగే ఓపిక లేక.

15వ తేదీ సాయంత్రం బోర్డు బిగించాడు. కీక్ మంది, మూత తెరుచుకుంది, గాలి వచ్చింది, అత్తయ్యగారు దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. అయిదు నిమిషాలకి గాలి వెచ్చబడి తెరమీద ఏదో ఎర్రర్ కోడ్. లోపలి యూనిట్‌కీ బయటి యూనిట్‌కీ మధ్య మాట అందట్లేదని దాని అర్థమట. నా గుండె జారిపోయింది, అంటే ఆ కుర్రాడు చెప్పిందే నిజమా, 9,400 బోర్డు కూడా పోయిందా? మెకానిక్ ఏం మాట్లాడకుండా పిట్టగోడ దగ్గరకి వెళ్లి పైపుల మీద చుట్టిన టేపు విప్పుకుంటూ వెళ్లాడు. సగం దూరంలో వైర్లకి ఒక జాయింటు. ఏసీ బిగించిన రోజు వైరు చాలకపోతే ఇంకో ముక్క మెలేసి టేపు చుట్టేశారు, వానకి పచ్చగా చిలుము పట్టి, ఆ గాలికి ఊగి ఊగి ఒక వైరు చేతికి ఊడి వచ్చింది. జాయింటు లేకుండా కొత్త ముక్క వేశాడు, నాలుగు పోగుల వైరు మూడు మీటర్లు, 300. బిగింపు 400. అవుట్‌డోర్ బోర్డుకి ఏమీ కాలేదు. కొత్త ఏసీ బిగించించుకునేవాళ్లు ఈ ఒక్కటి దగ్గరుండి చూసుకోండి, పైపుతోపాటు వైరు కూడా ఒకే ముక్కగా వేయించండి, అప్పుడు ఓ రెండు మూడొందలు ఎక్కువైనా సరే.

కంపెనీ మనిషికిచ్చిన 590తో సహా ఏసీ మీద మొత్తం 3,190 అయింది. ఆ రాత్రి మా వాడు పుస్తకం గుండెల మీద పెట్టుకుని తొమ్మిదింటికే నిద్రపోయాడు, లేపబుద్ధి కాలేదు.

తర్వాత మెయిన్ దగ్గర ఓల్టేజీ ప్రొటెక్టర్ పెట్టించాం, 1,650, ఎలక్ట్రీషియన్‌కి ఇంకో 300. ఓల్టేజీ 270 దాటినా మరీ పడిపోయినా ఇల్లు మొత్తం కట్ చేసి, సర్దుకున్నాక కాసేపాగి తనే మళ్లీ ఇస్తుంది. ఏసీకి విడిగా స్టెబిలైజర్ కూడా పెట్టుకోవచ్చు కానీ మాకు ఫ్రిజ్, టీవీ అన్నీ కలిసొస్తాయని ఇదే ఎంచుకున్నాం. దీనితో ఒక చిన్న చిక్కుంది, పక్కవాళ్లకి కరెంటుండి మనకి లేకపోతే కంగారు పడి దాన్ని కెలక్కూడదు, ఆగాలి. అత్తయ్యగారికి ఇది అలవాటు కావడానికి టైం పట్టింది.

కంపెనీ కథ ఇంకా సాగింది. కోడ్ ఇవ్వకపోయినా మా కంప్లైంట్ మూసేసినట్టు మెసేజీ వచ్చింది, మా సేవ ఎలా ఉందో నక్షత్రాలివ్వండని. 22న ఇంకెవరో ఫోన్ చేసి మీ బోర్డులు వచ్చాయి మేడమ్, డబ్బు కడితే రేపు బిగిస్తాం అన్నారు. నేను డబ్బు కట్టందే ఆర్డర్ పెట్టరన్నారు కదా, ఎలా వచ్చాయి అంటే వాళ్ల దగ్గరా జవాబు లేదు. ప్యానెల్ డబ్బులైతే ఇద్దరు ఇంకా ఇవ్వలేదు, అందులో ఒకరు సెక్రటరీ గారే.